ఆల్ఫా 2000 స్పైడర్, ఫియాట్ 124 స్పైడర్: తనిఖీ నుంచి నిర్ణయం దాకా ఒక కేస్ స్టడీ

కొనుగోలుదారు న్యూజెర్సీలో ఉంటున్న తెలుగు ఇంజనీరు. వారాంతాల్లో టాపు దించి నడుపుకోవడానికి పాత ఇటాలియన్ రెండు సీట్ల కారు కావాలన్నారు. వెతగ్గా చివరికి రెండు మిగిలాయి. ఒకటి 1973 ఆల్ఫా రోమియో 2000 స్పైడర్ వెలోచే, రెండోది 1978 ఫియాట్ 124 స్పైడర్ 1800. ఫియాట్‌కు చెప్పిన ధర ఆల్ఫా ధరలో సగానికి కాస్త ఎక్కువ. దానికి కొత్తగా ఎర్ర రంగు వేశారు, తాళం తిప్పగానే స్టార్ట్ అవుతోంది. ఆల్ఫా రంగు వెలిసిపోయింది, ఇంజన్ వేడెక్కాక నల్ల పొగ కక్కుతోంది, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరిగేటప్పుడు) దగ్గుతోంది. సహజంగానే ఆయన మనసు ఫియాట్ మీదికి పోయింది. తనిఖీ అయ్యాక కొన్నది మాత్రం ఆల్ఫా. ఆ నిర్ణయానికి కారణమైన కొలతలూ, ఆ తర్వాత ఆల్ఫాకు చేసిన పనీ ఇక్కడ వరసగా ఇస్తున్నాం.

రెండు కార్ల పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా. రెండూ 1966లోనే బయటికొచ్చాయి: ఆల్ఫా మార్చిలో జెనీవా షోలో, ఫియాట్ నవంబరులో ట్యూరిన్ షోలో. రెంటి బాడీ పినిన్‌ఫరీనాదే. ఫియాట్ బాడీని గీసింది ఆ సంస్థలో పనిచేసిన అమెరికన్ డిజైనర్ టామ్ చార్డా. ఆల్ఫా మొదట్లో గుండ్రటి తోకతో వచ్చింది, 1970 మోడల్ నుంచి ఆ తోకను నిలువుగా కోసేశారు. మన కేసులోని కారు ఈ కోసిన తోకదే. ఆల్ఫా వీల్‌బేస్ 2250 మి.మీ., ఫియాట్‌ది 2280. ఫియాట్ స్పైడర్‌కు అడుగున ఉన్నది 124 సెడాన్ ప్లాట్‌ఫామే, పొడవు తగ్గించి వాడుకున్నారు. ఆ సెడాన్ మనకు కొత్తది కాదు. 1985 నుంచి మన రోడ్ల మీద తిరిగిన ప్రీమియర్ 118ఎన్ఈ బాడీ అదే, ఇంజన్ మాత్రం నిస్సాన్‌ది.

తనిఖీలో ముందు రేకు, తర్వాత స్టీరింగ్ సస్పెన్షన్లు, ఆఖర్న ఇంజన్. అమ్మేవాళ్లు ఈ వరస తిప్పాలని చూస్తారు: ముందు స్టార్ట్ చేసి ఇంజన్ మోత వినిపిస్తారు. ఈ రెండు కార్లకూ ఇంజన్ భాగాలన్నీ దాదాపుగా ఈ రోజుకీ కొత్తవి దొరుకుతాయి. పాడైన ఇంజన్‌ను విప్పి, కొలిచి, మార్చి బిగించొచ్చు, ఖర్చు ముందే అంచనా కట్టొచ్చు. తుప్పు సంగతి అలా కాదు. కోసేదాకా ఎంత పోయిందో తెలియదు, కోశాక ఆగడానికి లేదు. రెండూ మోనోకాక్ కార్లే, అంటే విడి ఫ్రేమ్ లేకుండా బాడీ రేకే బరువంతా మోసేవి, పైగా పైకప్పు లేనివి. కప్పున్న కారులో కప్పు మోసే బరువు కూడా ఇక్కడ తలుపుల కింద నిలువునా పోయే సిల్ పెట్టెలూ, నడుమ ఉన్న ట్రాన్స్‌మిషన్ టన్నెల్ మోయాలి. సిల్ పోతే కారు నడుం వంగుతుంది.

అందుకే మొదటి పరీక్ష తలుపు గ్యాపుతో. కారు నేల మీద ఉండగా తలుపుకీ వెనక ఫెండర్‌కీ మధ్య గ్యాపు పైనా కిందా ఫీలర్ గేజ్‌లతోనో సన్నని చెక్క వెడ్జ్‌తోనో కొలవండి. తర్వాత ముందు జాకీ పాయింట్ దగ్గర ఒకవైపు లేపి మళ్లీ కొలవండి. గట్టి కారులో తేడా 1 మి.మీ. దాటదు, తలుపు ఎప్పటిలాగే తెరుచుకుని మూసుకుంటుంది. ఆల్ఫాలో తేడా 0.5 మి.మీ. వచ్చింది. ఫియాట్‌లో డ్రైవర్ వైపు పై గ్యాపు 6 నుంచి 3 మి.మీ.కి పడిపోయింది, తలుపు లాచ్ దగ్గర పట్టేసింది. కొత్త రంగు మెరుపు అక్కడితో ఆగింది. తర్వాత వెతికిందంతా ఆ 3 మి.మీ. ఎక్కడి నుంచి వచ్చాయనే.

పుట్టీ పట్టుకోవడానికి అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి సిల్ పొడవునా జరపాలి. రంగు మందాన్ని కొలిచే గేజ్ ఉంటే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ రంగు 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. మళ్లీ వేసిన రంగు 300 దాకా పోవచ్చు. ఫియాట్ సిల్ వెనక చివర గేజ్ 1200 దాటింది, ఒకచోట రీడింగే రాలేదు. అంటే ఒక చోట పుట్టీ మందంగా ఉంది, ఇంకో చోట కింద ఇనుమే లేదు, ఫైబర్ గుడ్డ అంటించి రంగు వేశారు. కార్పెట్ ఎత్తి చూస్తే ఫ్లోర్ రేకు మీద కొత్తగా పూసిన నల్లటి అండర్‌కోటింగ్ కనిపించింది. పాత కారు అడుగున తాజా అండర్‌కోటింగ్ కనిపిస్తే అనుమానం పెరగాలే గానీ తగ్గకూడదు.

అసలు దెబ్బ ముందు షాక్ టవర్ల దగ్గర. 124 స్పైడర్లను తుక్కుకు పంపేది చాలాసార్లు ఇదే, కానీ కొనేవాళ్లలో చూసేవాళ్లు తక్కువ. ఈ కారులో ముందు కింది ఆర్మ్‌లు ఇంజన్ అడుగున బోల్టులతో బిగించిన క్రాస్‌మెంబర్‌కు (అడ్డ దూలానికి) ఉంటాయి. పై ఆర్మ్, స్ప్రింగ్ పైభాగం, షాక్ అబ్జార్బర్ పైభాగం మాత్రం ఇంజన్ బేలో రెండు పక్కలా నిలబడే టవర్లకు ఆనుకుని ఉంటాయి. ఈ టవర్ రెండు పొరల రేకు. చక్రం చిమ్మిన బురదా, శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పూ ఆ పొరల సందులో చేరి అక్కడే ఉండిపోతాయి. లోపల పొర తినేసినా బయటి పొర మామూలుగా కనిపిస్తూనే ఉంటుంది. పెన్సిల్వేనియా ఉప్పు రోడ్ల మీద పెరిగిన ఈ బండిలో జరిగింది సరిగ్గా ఇదే. చక్రం తీసి, టార్చి పట్టి, టవర్ వెనక వైపు సన్నని స్క్రూడ్రైవర్‌తో నొక్కితే కుడి టవర్‌లో పిడి దాకా దిగిపోయింది.

ఒక వైపు టవర్ మెత్తబడితే అది కొద్దికొద్దిగా లోపలికి వాలుతుంది. పై ఆర్మ్ కూడా దాంతోపాటే లోపలికి జరిగి చక్రం పై అంచు లోపలికి వస్తుంది. అలైన్‌మెంట్ షీటు ముందే చూసుంటే ఈ సంగతి అక్కడే తెలిసిపోయేది. ఎడమ చక్రం క్యాంబర్ (నిలువు నుంచి చక్రం వాలు) దాదాపు సున్నా, కుడి చక్రం మైనస్ 1.5 డిగ్రీలు. షిమ్‌లు (సందులో పెట్టే సన్నని లోహపు బిళ్లలు) వేసి సరిచేయబోయారు, చాలినన్ని షిమ్‌లు పట్టలేదు. కుడి టైరు లోపలి అంచు నున్నగా అరిగింది. అమ్మకందారు దాన్ని 'అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుంది' అన్నారు. టవర్ నిలవనప్పుడు అలైన్‌మెంట్ కూడా నిలవదు.

టవర్ మరమ్మతు పాచ్ వేసి అతికే పని కాదు. ఇంజన్ తీయాలి లేదా బాగా కిందికి దించాలి, సస్పెన్షన్ విప్పాలి, రెండు టవర్ల మధ్య దూరం కదలకుండా జిగ్ (కొలత నిలిపే బిగింపు చట్రం) వేసి పట్టాలి, పొరలు విడదీసి చెడిన రేకంతా కోయాలి, కొత్త రేకు అతికాక సందులో మైనం పంపాలి. ఇంజన్ బే రంగు మళ్లీ వేయాలి. జిగ్ లేకుండా అతికితే వెల్డింగ్ వేడికి టవర్ ఎటు లాగితే చక్రం అటు పోతుంది.

క్రాస్‌మెంబర్‌లో పగుళ్లు ఈ మోడల్‌కు మరో పాత జబ్బు. ఇంజన్ మౌంటింగ్ కూర్చునే చోటా, కింది ఆర్మ్ బోల్టుల దగ్గరా వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి చూడాలి. గ్రీజూ మట్టీ ఉండగా పగులు కనపడదు. ఈ బండిలో ఎడమ మౌంటింగ్ పక్కన 30 మి.మీ. పగులు ఉంది. క్రాస్‌మెంబర్ బోల్టులతో ఊడి వస్తుంది కాబట్టి ఇది మాత్రం భయపడాల్సిన పని కాదు: దించి, పగులు చివర చిన్న రంధ్రం వేసి, అతికి, పైన బలమైన ప్లేటు వేస్తే ఫ్యాక్టరీ దానికన్నా గట్టిగా ఉంటుంది. స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట ఛాసిస్ రేకు చీలిందేమో కూడా చూడాలి. ఎదురుగా, స్టీరింగ్ కడ్డీల రెండో చివరను మోసే ఐడ్లర్ బుష్ అరిగితే స్టీరింగ్‌లో వచ్చే ఆట చాలామంది స్టీరింగ్ బాక్స్‌ది అనుకుని అనవసరంగా బాక్స్ మారుస్తారు. డిక్కీలో బ్యాటరీ కింద రేకు ఆసిడ్‌కు తినేసి ఉంది. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ మౌంటింగ్‌లు మాత్రం గట్టిగా ఉన్నాయి.

ఆల్ఫా మొత్తం కాలిఫోర్నియాలో తిరిగిన కారు. తుప్పు లేని 50 ఏళ్ల ఆల్ఫా ఉండదు, ఎక్కడుందన్నదే ప్రశ్న. ఇందులో డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోర్‌లో అరచేయంత చిల్లు, స్పేర్ వీల్ గుంటలో పొడి తుప్పు, రేడియేటర్ కింది అడ్డ రేకులో రాళ్ల దెబ్బలూ సన్నని తుప్పూ. సిల్‌లోకి ఎండోస్కోప్ (సన్నని గొట్టం కెమెరా) పంపితే లోపలి పొరలు పసుపు పచ్చగా, పొడిగా ఉన్నాయి. సీట్ల వెనక టాపు నీళ్లు పోయే గొట్టాలు మూసుకుపోయినా, వాన తక్కువ ఊరు కావడంతో సిల్ బతికింది. ఇదే కారు న్యూజెర్సీలో మూడు నాలుగు వానాకాలాలు ఆ గొట్టాలతో గడిపితే కథ వేరేగా ఉండేది. కాబట్టి కొన్నాక మొదటి పని ఆ గొట్టాల్లో గాలి కొట్టడం.

ఇక ఇంజన్లు. ఇక్కడ ఫియాట్ గెలిచింది, ఆ మాట దాచాల్సిన పని లేదు.

ఫియాట్ ట్విన్‌క్యామ్ (వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టులు రెండున్న) ఇంజన్ ఆరేలియో లాంప్రెడీ గీసింది. 1952, 53 సీజన్లలో రేసు డ్రైవర్ అస్కారీకి ప్రపంచ టైటిళ్లు తెచ్చిన ఫెరారీ నాలుగు సిలిండర్ల ఇంజన్ కూడా ఆయనదే. 124 సెడాన్ పోత ఇనుము బ్లాక్ మీద అల్యూమినియం హెడ్ పెట్టి, రెండు క్యామ్‌లనూ రబ్బరు పళ్ల బెల్ట్‌తో తిప్పించారు. 1756 సీసీ, బోరు (సిలిండర్ వ్యాసం) 84, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 79.2 మి.మీ. యూరప్‌లో 118 హార్స్‌పవర్ ఇచ్చిన ఈ ఇంజన్‌ను అమెరికా పొగ నిబంధనల కోసం కంప్రెషన్ తగ్గించి, ఎగ్జాస్ట్‌కు గాలి పంపులు తగిలించి బాగా బలహీనపరిచారు. ఈ బండి మెల్లగా అనిపిస్తే అది జబ్బు కాదు, పుట్టుక.

ఆల్ఫాది పూర్తిగా అల్యూమినియం. 1954 జులియెట్టా ఇంజన్ వంశం. 1962 సీసీ, బోరు 84, స్ట్రోకు 88.5. నీళ్లలో మునిగి ఉండే ఇనుప లైనర్లు (పిస్టన్ తిరిగే విడి గొట్టాలు), క్యామ్‌లకు రెండంచెల గొలుసు, లోపల సోడియం నింపిన ఎగ్జాస్ట్ వాల్వులు. యూరప్ కార్బురేటర్ రూపంలో 132 హార్స్‌పవర్. అమెరికాకు పంపిన వాటిలో కార్బురేటర్లు లేవు, లివోర్నోలో తయారైన స్పీకా మెకానికల్ ఇంజెక్షన్ ఉంది.

ఇంజన్ వేడి చేసి, ప్లగ్గులు అన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ తీశాం. ఫియాట్: 150, 148, 152, 150 పీఎస్‌ఐ. ఆల్ఫా: 165, 170, 168, 158. ఈ అంకెలు చూసి ఆల్ఫా మెరుగు అనుకోకూడదు. రెంటి కంప్రెషన్ నిష్పత్తులు వేరు, ఒకదాని అంకెతో ఇంకోదాన్ని పోల్చడానికి లేదు. ఒకే ఇంజన్‌లో సిలిండర్ల మధ్య తేడా చూడాలి. ఫియాట్‌లో తేడా 4, ఆల్ఫాలో 12. లీక్‌డౌన్ పరీక్షలోనూ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత శాతం కారుతోందో చూడడం) ఫియాట్ అన్ని సిలిండర్లలో 6, 7 శాతం దగ్గర నిలిస్తే, ఆల్ఫా నాలుగో సిలిండర్ 14 చూపింది. గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినాలి: సైలెన్సర్ వైపు వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, థ్రాటిల్ వైపు అయితే ఇంటేక్ వాల్వు, నూనె పోసే మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్. ఇక్కడ నూనె మూత దగ్గర వినిపించింది. డిప్‌స్టిక్ తీస్తే నూనె గరిష్ఠ గీత దాటి ఉంది, పెట్రోలు వాసన గుప్పుమంది. పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనె పొరను కడిగేస్తుంటే రింగులు గాలి ఆపలేవు. కాబట్టి ఆ 14 శాతాన్ని అరుగుదలగా లెక్కేయకుండా, పెట్రోలు ఎందుకు ఎక్కువ పోతోందో తేలాక మళ్లీ కొలవాలని రాసుకున్నాం.

అంత పెట్రోలు ఎందుకు? స్పీకా పంపు డీజిల్ ఇంజెక్షన్ పంపుకు దగ్గరి బంధువు. క్రాంక్ నుంచి పళ్ల బెల్ట్‌తో తిరుగుతుంది, నాలుగు ప్లంజర్లు నాలుగు పోర్టులకు పెట్రోలు తోస్తాయి. ఎంత తోయాలో నిర్ణయించేది లోపల మూడు దిక్కుల్లో వంపులు తిరిగిన ఒక క్యామ్: థ్రాటిల్ ఎంత తెరిచారు, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది అన్న రెంటినీ అది లెక్కలోకి తీసుకుంటుంది. ఇంజన్ చల్లగా ఉందా వేడెక్కిందా అన్నది చెప్పే పని థర్మోస్టాటిక్ యాక్చుయేటర్‌ది, వాడుకలో టీఏ. దాని బల్బు ఇంటేక్ మానిఫోల్డ్ దగ్గరి నీళ్లలో ఉంటుంది. అక్కడి నుంచి సన్నని క్యాపిల్లరీ గొట్టం పంపు మీదికి వస్తుంది. నీళ్లు వేడెక్కుతుంటే టీఏ కడ్డీ సాగి, లోపలి లీవర్‌ను నెట్టి, పెట్రోలు తగ్గిస్తుంది. ఏళ్లు గడిచాక ఆ గొట్టంలోంచి లోపలి పదార్థం కారిపోతుంది. కడ్డీ సాగదు. ఇంజన్ ఎంత వేడెక్కినా పంపు మాత్రం ఇంకా చలికాలం పొద్దున్నే అనుకుంటుంది. నల్ల పొగ, మసి పట్టిన ప్లగ్గులు, వేడయ్యాక తడబడే ఐడిల్, నూనెలో పెట్రోలు అన్నీ అక్కడి నుంచే.

దీన్ని నిర్ధారించడానికి పంపు విప్పక్కర్లేదు. ఇంజన్‌ను పూర్తిగా వేడెక్కించి, పంపు మీది రిఫరెన్స్ స్క్రూకూ రిలే లీవర్‌కూ మధ్య ఫీలర్ గేజ్ పెట్టాలి. ఉండాల్సింది 0.019 అంగుళం, అంటే దాదాపు 0.5 మి.మీ. ఈ కారులో దానికి మూడింతలు వచ్చింది. తర్వాత, టీఏ తీసి దాని చోట వేడి ఇంజన్ కొలతకు కోసిన డమ్మీ కడ్డీ పెట్టి నడిపితే పది నిమిషాల్లో పొగ ఆగింది, ఐడిల్ కుదురుకుంది. దోషం టీఏదే, పంపుది కాదు. కొనుగోలు నిర్ణయం ఆ క్షణాన తేలిపోయింది.

ఇక్కడ ఒక మాట. స్పీకా కార్లు సరిగా నడవకపోతే దాన్ని పీకేసి రెండు వెబర్ 40 డీసీఓఈ కార్బురేటర్లు పెట్టమనే సలహా అమెరికాలో నిమిషానికొకటి దొరుకుతుంది. మానిఫోల్డ్ మార్చాలి, లింకేజ్ మార్చాలి, డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ తీరు మార్చాలి, జెట్లు కొనుక్కుంటూ పోవాలి. అంతా అయ్యాక చల్లటి ఉదయం స్టార్టింగ్‌లోనూ, సగం థ్రాటిల్‌లో పెట్రోలు ఖర్చులోనూ స్పీకా కన్నా వెనకబడే కారు చేతికొస్తుంది. ప్లంజర్లు అరిగి నూనెలోకి పెట్రోలు వదిలే పంపు అయితే ఆలోచించొచ్చు. అయినా పంపు రీబిల్డ్ చేసేవాళ్లు ఉన్నారు. ఒక్క టీఏ పోయినందుకు మొత్తం వ్యవస్థను మార్చడం మా దృష్టిలో డబ్బు దండగ.

గేర్‌బాక్స్, బ్రేకులు, కరెంటు ఈ కేసులో నిర్ణయాన్ని మార్చలేదు కాబట్టి త్వరగా. ఆల్ఫాలో చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గరగర మంటుంది. ఈ గేర్‌బాక్స్‌లో పోర్షే తరహా సింక్రో రింగులు (గేరు పడే ముందు వేగాలు కలిపేవి), రెండోది ముందుగా అరగడం మామూలు. రెండో గేరులో వాలు మీద దిగుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు గేరు దానంతటదే బయటికి రాకపోతే, రీబిల్డ్ తొందరేం లేదు. గేర్లకు మధ్య అర సెకను న్యూట్రల్‌లో ఆగడం నేర్చుకుంటే ఏళ్లు నడుస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు రబ్బరు కప్లింగ్ పగుళ్లిచ్చింది, మార్చాలి. పట్టించుకోకుండా వదిలేస్తే అది తెగి టన్నెల్‌ను బాదుతుంది. ఫియాట్ గేర్‌బాక్స్ మెత్తగా ఉంది, కేబుల్ క్లచ్ తేలిక. వెనక బ్రేకుల్లో హ్యాండ్‌బ్రేక్ క్యాలిపర్‌లోపలే ఉంటుంది, పిస్టన్‌ను నెట్టకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి. క్లాంపుతో నొక్కేసి లోపలి అడ్జస్టర్ పాడుచేయడం సర్వసాధారణం, ఇందులో కుడి క్యాలిపర్‌కు అదే జరిగింది. ఫియాట్ హెడ్‌లైట్ల కరెంటంతా ఇగ్నిషన్ స్విచ్ మీదుగా పోతుంది. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులుంటే బల్బు దగ్గర 10.8. రెండు రిలేలు, ఒక ఫ్యూజు, 2.5 చదరపు మి.మీ. వైరు వేస్తే స్విచ్ కాలిపోవడం తప్పుతుంది, వెలుతురూ పెరుగుతుంది.

లెక్క ఇలా తేలింది. ఫియాట్‌కు రెండు టవర్లు, సిల్స్, ఫ్లోర్, క్రాస్‌మెంబర్, ఇంజన్ బే రంగు కలిపి 110 నుంచి 140 గంటల పని. పై అంకె కూడా కోశాక మారొచ్చు. ఆల్ఫాకు ఫ్లోర్ పాచ్, టీఏ, ఫిల్టర్లు, కప్లింగ్, ట్యూనింగ్ కలిపి 30 గంటల లోపు. ఫియాట్ ధరలో కలిసొచ్చే తగ్గింపును ఆ గంటల తేడా రెండుసార్లు మింగేస్తుంది. టవర్లు గట్టిగా ఉన్న ఫియాట్ ఇదే ధరకు దొరికి ఉంటే సలహా తిరగబడేది: విడిభాగాలు చవక, సర్వీసు తేలిక, టాపు సీటులోంచే ఒక్క చేత్తో ఎక్కుతుంది. వాల్వు గ్యాపుల విషయమే చూడండి. ఫియాట్‌లో షిమ్ బకెట్ (క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే గిన్నె) పైన కూర్చుంటుంది, బకెట్‌ను కిందికి నొక్కే పనిముట్టుతో క్యామ్ తీయకుండానే మార్చొచ్చు. ఆల్ఫాలో షిమ్ బకెట్ కింద ఉంటుంది. ఒక్క వాల్వు తేడా వచ్చినా గొలుసు విప్పి క్యామ్ ఎత్తాలి.

అలాంటి మంచి ఫియాట్ కొన్నవాళ్లు మొదటి వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది: టైమింగ్ బెల్ట్. పాత రసీదు చేతిలో లేకపోతే బెల్ట్ పాతదనే లెక్క. కిలోమీటర్లు తిరక్కపోయినా అయిదేళ్లకు రబ్బరు గట్టిపడుతుంది. 1756 ఇంజన్‌లో బెల్ట్ తెగితే వాల్వులు వంగుతాయి. క్రాంక్ గుర్తు టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే స్థానానికి) తెచ్చి, రెండు క్యామ్ పుల్లీల గుర్తులు క్యామ్ బాక్స్ ముల్లులకు ఎదురుగా వచ్చాయని చూసి, ఆ తర్వాతే పాత బెల్ట్ తీయాలి. ఆక్సిలరీ షాఫ్ట్ పుల్లీని 'అది నూనె పంపేగా' అని వదిలేయొద్దు. ఆ షాఫ్ట్ మీద ఫ్యూయల్ పంపు లోబ్ ఉంటే, పుల్లీ తప్పు కోణంలో ఉన్నప్పుడు ఆ లోబ్ కనెక్టింగ్ రాడ్డుకు తగులుతుంది. టెన్షనర్ బేరింగ్ ప్రతిసారీ మార్చాలి. స్ప్రింగ్ బిగువు తీసుకున్నాక ఇంజన్‌ను నడిచే దిక్కులోనే చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ చూసి, అప్పుడు టెన్షనర్ నట్టు బిగించాలి. వెనక్కి తిప్పితే బెల్ట్ ఒక పన్ను దాటొచ్చు.

ఆల్ఫాకు చేసిన పని వరస ముఖ్యం, ఎందుకంటే స్పీకాను అన్నిటికన్నా ఆఖర్న ముట్టుకోవాలి. ముందు పెట్రోలు కలిసిన నూనె పూర్తిగా దించి, ఫిల్టర్‌తో పాటు కొత్తది పోశాం. పల్చబడిన నూనెతో బేరింగులను ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. ఇంజెక్షన్ పంపు లోపలి భాగాలకు నూనె ఇంజన్ నుంచే వస్తుంది, పంపు ముందు దానికంటూ చిన్న ఫిల్టర్ ఉంటుంది. అలాంటిదొకటుందని తెలియక దశాబ్దాల పాటు మార్చని కార్లే ఎక్కువ. తర్వాత వాల్వు గ్యాపులు: చల్లటి ఇంజన్‌లో ఇంటేక్ 0.475 నుంచి 0.50, ఎగ్జాస్ట్ 0.525 నుంచి 0.55 మి.మీ. ఒక ఎగ్జాస్ట్ వాల్వు బిగుసుకుంది, షిమ్ మార్చాం. పాయింట్లు, ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగ్ దాని వెనకే.

అప్పుడు పెట్రోలు లైను. ట్యాంకు దగ్గర ఒకటి, ఇంజన్ దగ్గర ఒకటి, రెండు ఫిల్టర్లూ మార్చాం. వేగం పెంచినప్పుడు డ్యాష్‌బోర్డ్ మీది ఫ్యూయల్ ప్రెషర్ ఎర్ర దీపం వెలిగితే చాలాసార్లు వెనక ఫిల్టరే మూసుకుపోయి ఉంటుంది. నాలుగు థ్రాటిళ్లనూ గాలి కొలిచే మీటరుతో సమం చేసి, పంపుకూ థ్రాటిల్‌కూ మధ్య కడ్డీల పొడవు మాన్యువల్ కొలతకు తెచ్చాం. ఈ కడ్డీలను ఎవరో ఇష్టమొచ్చినట్టు తిప్పి ఉన్నారు. పంపు వెనక ఉండే ఫ్యూయల్ కటాఫ్ సొలెనాయిడ్‌ను కూడా తిప్పి ఉన్నారు. టీఏ పోయిందని తెలియక పొగ తగ్గించాలని మిశ్రమం స్క్రూ తిప్పడం స్పీకా కార్లన్నిటికీ జరిగే అన్యాయం. అలా తిప్పిన కారు వేడి మీద కాస్త బాగుపడ్డట్టు కనిపించి, చల్లటి పూట స్టార్టే కాదు.

టీఏ మార్చేటప్పుడు కూలెంట్ కొంత దించి, బల్బు మెల్లగా తీసి, కొత్తదాని గొట్టాన్ని పెద్ద వంపులతో పరవాలి. మడత పడితే అది కూడా పాతదానితో సమానం. ఎగ్జాస్ట్ వేడికి దూరంగా ఉంచాలి. బిగించాక రెండు పూటలు పూర్తిగా చల్లబరిచి మళ్లీ వేడి చేసి గ్యాపు చూస్తే 0.020 అంగుళం దగ్గర నిలిచింది. రిఫరెన్స్ స్క్రూను కాకుండా, టీఏ కింద షిమ్ సర్ది 0.019కి తెచ్చాం. ఆ తర్వాతే సొలెనాయిడ్‌ను ఒక్కో క్లిక్ చొప్పున తిప్పి ఐడిల్ మిశ్రమం సరిచేశాం.

హెడ్ వెనక మూల నుంచి సన్నగా నూనె చెమర్చుతోంది. ఆల్ఫా హెడ్ గాస్కెట్‌లో నూనె దారుల చుట్టూ చిన్న రబ్బరు రింగులుంటాయి, వయసుతో గట్టిపడి కారతాయి. రేడియేటర్‌లో నూనె లేదు, నూనెలో నీళ్లు లేవు, కాబట్టి దాన్ని ఇప్పుడు కదపలేదు. కదిపే రోజు వచ్చినప్పుడు ఒక సంగతి మర్చిపోకూడదు: హెడ్ ఎత్తాక లైనర్లను క్లాంపులతో పట్టి ఉంచకుండా క్రాంక్ తిప్పితే లైనర్ పైకి లేచి అడుగు సీలు చెడుతుంది, నీళ్లు సంపులోకి (అడుగున నూనె తొట్టిలోకి) దిగుతాయి. లైనర్ అంచు బ్లాక్ పైభాగం కన్నా 0.01 నుంచి 0.06 మి.మీ. ఎత్తులో ఉందో లేదో గాస్కెట్ వేసే ముందు నాలుగింటికీ కొలవాలి.

800 కిలోమీటర్లు తిరిగాక నూనె మళ్లీ మార్చి లీక్‌డౌన్ తీశాం. నాలుగో సిలిండర్ 14 నుంచి 9 శాతానికి వచ్చింది, మిగతా మూడూ 7, 8. కంప్రెషన్ 158 నుంచి 166కి ఎక్కింది. నూనె మట్టం పెరగలేదు, వాసన లేదు. రెండో గేరు చల్లటి పూట ఇంకా గరగర మంటూనే ఉంది.

ఫియాట్‌ను ఇంకొకరు ఇంజన్, గేర్‌బాక్స్ కోసం కొన్నారు. ఆ బండికి సరైన వాడకం అదే: టవర్లు బాగుండి ఇంజన్ పోయిన 124 ఎక్కడో ఒకటి ఎప్పుడూ అమ్మకానికి ఉంటుంది.